పాఠం ఆగిపోయిన ఉస్తాద్ - హజ్రత్ ఇమామ్ గజాలీ (రహ్మ.)

మా చదువూ, మా ఉద్యోగమూ రెండూ ఉర్దూలోనే సాగినవి. అందుచేత సొసైటీ పెద్దలు ఈ ఏటి సంచికకు తెలుగులో ఒక మహనీయుని జీవితం వ్రాసి యివ్వమని అడిగినప్పుడు మేము కొంచెం వెనుకాడాము. బజార్లో మాట్లాడే తెలుగు వేరు, అచ్చులో పడే తెలుగు వేరు. అయినా మన పిల్లల్లో సగం మందికి ఇప్పుడు ఉర్దూ చదవడం రావడం లేదు గనుక, వచ్చిన భాషలోనే వ్రాద్దామని కూర్చున్నాము. తప్పులుంటే పాఠక సోదరులు మన్నించగలరు.

ఎవరిని గురించి వ్రాయాలన్న ప్రశ్న మాత్రం మమ్మల్ని ఎక్కువసేపు బాధించలేదు. మా వృత్తి పాఠం చెప్పడం. హజ్రత్ ఇమామ్ అబూ హామిద్ ముహమ్మద్ గజాలీ (రహ్మతుల్లా అలైహ్) వారి వృత్తీ పాఠం చెప్పడమే. ఆనాటి లోకంలో అంతకంటే పెద్ద ఉస్తాద్ పదవి లేదనిపించుకున్న చోట కూర్చుని పాఠం చెబుతూ చెబుతూ, ఒకనాడు ఆయన నాలుక కదలడం మానేసింది. ఎందుకు మానేసిందో, మళ్ళీ ఎట్లా కదిలిందో చెప్పడమే ఈ వ్యాసం పని.

ఇమామ్ సాహెబ్ ఖురాసాన్ ప్రాంతంలోని తూస్ పట్టణంలో హిజ్రీ 450, అంటే క్రీ.శ. 1058లో పుట్టారు. ఆ పట్టణం నేటి ఇరాన్‌లో మష్‌హద్ నగరానికి దగ్గర్లో ఉండేది. తండ్రి ఉన్ని వడికి అమ్ముకునే పేదవాడనీ, తాను చదువుకోలేకపోయానన్న దిగులుతో చనిపోయేముందు కొంచెం డబ్బు ఒక సూఫీ మిత్రుని చేతిలో పెట్టి, ఇద్దరు కొడుకులకూ చదువు చెప్పించమని అప్పగించాడనీ చరిత్రకారులు వ్రాశారు. ఆ డబ్బు ఎంతకాలం వస్తుంది? అయిపోయింది. ఆ మిత్రుడూ బీదవాడే. చివరకు పిల్లల్ని మద్రసాలో చేరమన్నాడు, అక్కడ విద్యార్థులకు అన్నం పెడతారు గనుక. పెద్దయ్యాక ఇమామ్ సాహెబ్ ఈ సంగతి దాచుకోలేదు. తాము చదువుకు వెళ్ళింది అల్లాహ్ కోసం కాదని, తిండి కోసమేనని, కాని చదువే తమను అల్లాహ్ వైపుకు లాక్కుపోయిందని అర్థం వచ్చేట్టు చెప్పుకున్నారు. మన మధ్యాహ్న భోజనం పిల్లల్ని చూసి ఎవరైనా చిన్నబుచ్చితే మాకు ఈ మాటే గుర్తుకు వస్తుంది. ఆ ఇద్దరిలో చిన్నవాడు అహ్మద్ కూడా తర్వాత పేరుమోసిన సూఫీ అయ్యాడు.

కుర్రతనంలో ఒక సంఘటన జరిగిందని చెబుతారు. జుర్జాన్‌లో చదువుకుని ఊరికి తిరిగి వస్తుండగా దారిలో దొంగలు పడి అన్నీ దోచుకున్నారు. ఈయన వాళ్ళ వెంటబడి, నా సంచీలో కాగితాలున్నాయి, అవి మీకెందుకూ పనికిరావు, అవి మాత్రం యివ్వండి, నా చదువంతా వాటిలోనే ఉందని బ్రతిమాలారు. దొంగల నాయకుడు పకపక నవ్వాడు. కాగితాలు పోతే పోయే చదువు అదేం చదువని అడిగి, సంచీ మొహాన పడేశాడు. ఇమామ్ సాహెబ్‌కి సిగ్గు వేసింది. ఇంటికి చేరి మూడేళ్ళు కూర్చుని ఆ కాగితాల్లో ఉన్నదంతా కంఠస్థం చేశారు. మా తరగతిలో గైడు తప్ప పుస్తకం తెరవని పిల్లలకు ఏటా ఈ కథ చెబుతుంటాము. కాని ఆలోచిస్తే, దొంగ వేసిన ప్రశ్నకు ఆ మూడేళ్ళ కంఠస్థం సగం జవాబే. కాగితంలో నుంచి చదువు తలకాయలోకి వచ్చింది, అంతే. తలకాయలో నుంచి ఇంకా లోపలికి దిగడానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది.

తర్వాత నీషాపూర్‌లో ఇమాముల్ హరమైన్ జువైనీ గారి దగ్గర చదివారు. ఆ ఉస్తాద్ 1085లో చనిపోయాక, సల్జూక్ సుల్తాను వజీరైన నిజాముల్ ముల్క్ దర్బారుకు వెళ్ళారు. అక్కడ పండితుల వాదాల్లో ఈయనకు ఎదురు లేకపోయింది. 1091లో నిజాముల్ ముల్క్ ఈయన్ని బగ్దాదు నిజామియా మద్రసాకు ప్రధాన ఉస్తాద్‌గా పంపాడు. అప్పటికి వయస్సు ముప్పై మూడు. మూడు వందల మంది విద్యార్థులు. ఖలీఫా దగ్గర గౌరవం, మంచి బట్టలు, మంచి గుర్రం, నగరమంతా సలాములు. మరుసటి సంవత్సరమే, 1092లో, నిజాముల్ ముల్క్ హత్యకు గురయ్యాడు. నెల రోజులకే సుల్తాన్ మలిక్ షా కూడా పోయాడు. ఎంత పెద్ద నీడైనా ఎట్లా తొలగిపోతుందో ఇమామ్ సాహెబ్ కళ్ళారా చూశారు. అయితే ఆయన పదవి మాత్రం చెక్కుచెదరలేదు.

పాఠాలు అయ్యాక దొరికిన తీరిక వేళల్లో గురువు లేకుండానే ఫల్సఫా గ్రంథాలు చదివారు. రెండేళ్ళలోపు ఆ విద్య పట్టుబడింది. మరో ఏడాది దాన్ని నెమరువేసి, దాని లోపాలు చూపిస్తూ తహాఫుతుల్ ఫలాసిఫా అనే గ్రంథం వ్రాశారు. తర్కంలో తర్కాన్నే ఓడించగలవాడు అన్న పేరు వచ్చింది.

ఇక్కడొక విషయం చెప్పుకోవాలి. ఇమామ్ సాహెబ్‌కు తన జీవితంలో ఒక దశలో పెద్ద సందేహం పట్టుకుంది. మనం దేన్ని నమ్మవచ్చు అని. కంటిని నమ్ముదామంటే, నీడను చూసి కదలడం లేదంటుంది. గంట తర్వాత చూస్తే కదిలి ఉంటుంది. నక్షత్రాన్ని చూసి దీనారు బిళ్ళంత అంటుంది. లెక్క వేస్తే అది భూమికంటే పెద్దది. అంటే కంటిమీద తీర్పు చెప్పడానికి బుద్ధి అనే జడ్జి ఒకరున్నారు. సరే, ఆ బుద్ధిమీద తీర్పు చెప్పే మరో జడ్జి లేడని ఏమిటి నమ్మకం? కలలో ఉన్నంతసేపు కలే నిజం. మెలకువ వచ్చాకగదా అబద్ధమని తెలిసేది. మరి ఈ మెలకువకు పైన ఇంకో మెలకువ ఉంటే? రెండు నెలలు ఈ జబ్బుతో బాధపడ్డారు. ఆ జబ్బు దలీళ్ళతో నయం కాలేదని, అల్లాహ్ తన గుండెలో వేసిన ఒక వెలుతురుతోనే నయమయిందని తరువాత తన ఆత్మకథలాంటి గ్రంథం అల్-మున్కిజ్‌లో వివరించారు. ఆలోచన అనేది దీపం అయితే కావచ్చు, కాని దీపాన్ని చూసే కన్ను వేరే ఉందన్న సంగతి ఆయనకు అక్కడే తగిలింది.

సూఫీల గ్రంథాలు కూడా చదివారు. అబూ తాలిబ్ మక్కీ, హారిస్ ముహాసిబీ, జునైద్ బగ్దాదీ వంటివారివి. చదివాక ఆయనకు అర్థమైనదేమంటే, ఈ విద్యలో చదివి తెలుసుకోగల భాగం తాను తెలుసుకున్నాడు; మిగిలింది చదివితే వచ్చేది కాదు. దానికి ఆయనిచ్చిన ఉదాహరణలు చాలా తేలికైనవి. ఆరోగ్యం అంటే ఏమిటో, దానికి కారణాలేమిటో తెలియడం వేరు, ఆరోగ్యంగా ఉండడం వేరు. రోగంతో మంచాన పడ్డ హకీముకు ఆరోగ్యపు లక్షణాలన్నీ తెలుసు, లేనిది ఆరోగ్యమే. తెలియడాన్ని ఇల్మ్ అంటే, రుచి చూడడాన్ని జౌఖ్ అన్నారు. ఈ రెండింటి నడుమ ఉన్న దూరాన్ని నడవాలి, చదివితే తరగదు.

అప్పుడు తన సంగతి చూసుకున్నారు. పాఠం చెబుతున్నాను, ఎవరికోసం? తరచి చూస్తే, అల్లాహ్ కోసం కాదు, పేరుకోసం, పెద్దరికం కోసం అని తేలింది. ఒడ్డు విరిగిపడబోతున్న ఏటి గట్టున నిలబడి ఉన్నానని తోచింది. ఒకరోజు బగ్దాదు వదిలిపోదామని నిశ్చయించుకుంటారు. తెల్లారితే ఆ నిశ్చయం కరిగిపోతుంది. ప్రొద్దున ఆఖిరత్ కోరిక పుడితే, సాయంత్రానికి దునియా దండు వచ్చి దాన్ని తరిమేస్తుంది. ఇంత సుఖమైన పదవి వదిలితే మళ్ళీ దొరుకుతుందా అని షైతాను చెవిలో ఊదుతాడు. ఈ కథ ఆయనే దాపరికం లేకుండా వ్రాసిపెట్టారు. ఇంత గొప్పవారు ఇంత వివరంగా తన పిరికితనం వ్రాసుకోవడం మేము వేరే చోట చూడలేదు.

హిజ్రీ 488 రజబ్, అంటే 1095 జులై నుంచి కొన్ని నెలల పాటు ఈ గుంజులాట సాగింది. చివరకు పని ఆయన చేతి నుంచి దాటిపోయింది. విద్యార్థుల ముందు కూర్చుంటారు, వాళ్ళను సంతోషపెట్టడానికైనా ఒక పాఠం చెబుదామని ప్రయత్నిస్తారు, నోట ఒక్క మాట పెగలదు. ఆ దిగులుతో ఆకలి చచ్చింది. గుక్కెడు రసం దిగడం లేదు, ముద్ద అరగడం లేదు. హకీములు చూసి, ఇది మనసులో మొదలై ఒంటికి పాకిన జబ్బు, మనసు తేలికపడితే తప్ప మా మందు పనిచేయదని చేతులెత్తేశారు.

మేము ఈ వృత్తిలో ఇరవై ఏళ్ళు దాటినవాళ్ళం. నోరు పడిపోయిన రోజు మాకు రాలేదు. ఇన్‌స్పెక్షన్ రోజున ఒక రకంగా, మామూలు రోజున ఒక రకంగా పాఠం చెప్పిన సందర్భాలు మాత్రం చాలా ఉన్నాయి. సాలువా కప్పిన సభలో మనసు సాలువా మీదే ఉన్నమాట కూడా నిజం. ఆయన నోరు ఎందుకు పడిపోయిందో చదివినప్పుడు, మాది ఎందుకు పడిపోలేదా అని భయం వేసింది. ముప్పై ఏడేళ్ళ వయసులో ఆయన వదులుకున్నదాన్ని మేము నలభై దాటాక ఇంక్రిమెంట్ల లెక్కలో వెతుక్కుంటున్నాము. ఈ ముక్క ఇక్కడితో ఆపుతాము.

హజ్‌కు వెళ్తున్నానని చెప్పి, లోలోపల షామ్ దేశం పోవాలని నిశ్చయించుకుని, 1095 నవంబరులో బగ్దాదు వదిలారు. పిల్లల పోషణకు కావలసినంత ఉంచి, మిగిలిన ధనం పంచిపెట్టారు. మద్రసాలో తమ్ముడు అహ్మద్ పాఠాలకు నిలబడ్డాడు. జనం రకరకాలుగా అనుకున్నారు. పాలకులతో చెడిందన్నారు. ఇస్లామ్‌కు దిష్టి తగిలిందన్నారు. మతం కోసం మతపు పెద్ద పదవిని వదిలేయవచ్చునన్న సంగతి ఎవరికీ తోచలేదు.

దమిష్క్ చేరి రెండేళ్ళకు దగ్గరగా ఉన్నారు. అక్కడి ఉమవీ జామె మస్జిదు మీనారు ఎక్కి, తలుపు లోపల వేసుకుని పగలల్లా కూర్చునేవారు. తర్వాత బైతుల్ ముఖద్దస్‌లో ఖుబ్బతుస్సఖ్రా లోనూ అట్లాగే తలుపు వేసుకుని కూర్చున్నారు. ఖలీల్ పట్టణంలో హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) మజారు దగ్గర మూడు ప్రమాణాలు చేశారు: పాలకుడి దగ్గరికి పోను, పాలకుడి డబ్బు తీసుకోను, ఎవరితోనూ వాదానికి దిగను. హజ్ చేశారు. ఆయన కూర్చుని వెళ్ళిన ఆ బైతుల్ ముఖద్దస్ 1099లో క్రూసేడర్ల చేతిలో పడింది.

తలుపు వేసుకుని ఏం చేశారన్నది మనకు ముఖ్యం. ఆయన నలభై భాగాల మహాగ్రంథం ఇహ్యా ఉలూమిద్దీన్‌లో ఆ దారిని వివరించారు. సాధకుడు ఒక మూల కూర్చుంటాడు. ఫర్జులు, వాటితో ఉన్న సున్నతులు తప్ప వేరేవి పెట్టుకోడు. అల్లాహ్ పేరు నాలుకతో పలుకుతూ ఉంటాడు, మనసు దగ్గర పెట్టుకుని. పలకగా పలకగా నాలుక కదపకుండానే మాట నడుస్తున్నట్టు ఉంటుంది. ఆ తర్వాత నాలుక మీద జాడ పోయి గుండెలో మిగులుతుంది. ఇంకా సాగితే అక్షరాలూ, మాట రూపమూ కూడా చెరిగిపోయి, అర్థం ఒక్కటే అతుక్కుని నిలుస్తుంది. ఇంతవరకే మనిషి ప్రయత్నం. ఆపైన తెరుచుకునేది అల్లాహ్ దయ, దాన్ని లాగి తెచ్చుకునే శక్తి ఎవరికీ లేదు.

ఇది చదివినవాడు, నేనూ కూర్చుంటాను, కాని ఆలోచనలు ఊరుకోవే అంటాడు. నమాజుకు నిలబడగానే గుర్తురాని బాకీ అంటూ ఉండదు. తక్బీర్ దగ్గర మొదలుపెట్టి సలాం తిప్పేలోపల బియ్యం కొట్టు లెక్క, కూతురి సంబంధం, పక్కింటి గోడ తగాదా అన్నీ తేలిపోతాయి. దీనికి ఇమామ్ సాహెబ్ చెప్పిన పోలిక మా పిల్లలకు చాలా నచ్చుతుంది. ఒకడు చెట్టుకింద కూర్చుని ప్రశాంతంగా యోచించాలనుకున్నాడు. పైన పిచ్చుకల గోల. కర్ర తీసుకుని అదిలించాడు, ఎగిరిపోయాయి. మళ్ళీ కూర్చున్నాడు, మళ్ళీ వచ్చాయి. ఇట్లా ఎంతసేపు? పిచ్చుకలతో విముక్తి కావాలంటే చెట్టునే కొట్టాలి. ఆ చెట్టు పేరు కోరిక. అంతవరకు ఓపిక లేనివారికి చిన్న ఉపాయాలూ చెప్పారు. గోడకు దగ్గరగా నిలబడండి, చూపు చెదిరే బొమ్మలున్న చోట నమాజు చేయకండి అని.

వచ్చిన ప్రతి ఆలోచనా పాపమేమోనని హడలిపోయేవారు మన జమాత్‌లో కొందరున్నారు. రాత్రిళ్ళు నిద్రపట్టక మౌల్వీ సాహెబ్‌ను అడగడానికి సిగ్గుపడేవారిని మేమెరుగుదుము. వాళ్ళు ఇహ్యాలోని ఈ భాగం చూడాలి. మనసులో ఒక తలపు తళుక్కుమనడం మొదటి మెట్టు. దానివైపు మొగ్గు పుట్టడం రెండో మెట్టు. చేయవచ్చునని మనసు తీర్పు చెప్పడం మూడోది. చేసి తీరాలని గట్టిగా పట్టుకోవడం నాలుగోది. మొదటి రెండూ మన చేతిలో లేనివి, వాటికి లెక్క అడగరు. మూడోదాంట్లో కూడా మన ఇష్టంతో వచ్చింది వేరు, బలవంతంగా వచ్చింది వేరు. నాలుగోది మనది. కాబట్టి వచ్చే తలపును ఆపడం కాదు పని, అది వచ్చిందని గమనించడం. ఈ కాపలాకే మురాఖబా అని పేరు. వ్యాపారి తన భాగస్థుడితో ప్రొద్దున షరతు చేసుకుని, పగలంతా కనిపెట్టి ఉండి, రాత్రి ఖాతా చూసుకున్నట్టు, మనిషి తన నఫ్స్‌తో చేసుకోవాలన్నారు. రాత్రి ఖాతాకు ముహాసబా అని పేరు.

మరి ఆలోచన పనికిరానిదా? ఇక్కడే చాలామంది ఇమామ్ సాహెబ్‌ను తప్పుగా అనుకుంటారు. గుండెను ఒక కుంటతో పోల్చారాయన. అయిదు కాలువల నుంచి నీళ్ళు వచ్చినట్టు ఇంద్రియాల నుంచి జ్ఞానం వస్తుంది. కాలువలు మూసి, అడుగున బురద తోడి, లోతుగా తవ్వితే, కిందినుంచి ఊట ఎగదన్నుతుంది. అది తేటగా ఉంటుంది, ఎక్కువగానూ ఉంటుంది. రూమ్ చిత్రకారులు, చీనా చిత్రకారులు ఒక రాజు ముందు పందెం వేసుకున్న కథా చెప్పారు. రూమ్ వాళ్ళు తమ గోడమీద రంగురంగుల చిత్రాలు వేశారు. చీనా వాళ్ళు రంగు ముట్టకుండా తమ గోడను మెరుగుపెట్టారు, అంతే. నడుమ తెర ఎత్తేసరికి ఎదుటి చిత్రమంతా ఈ గోడలో ఇంకా మెరుస్తూ కనిపించింది.

ఈ రెండు కథలు విని పుస్తకాలు అటక మీద పెట్టేయవచ్చని ఎవరైనా సంతోషిస్తే, అదే అధ్యాయంలో పండితుల అభ్యంతరం కూడా ఆయన పూర్తిగా వ్రాశారు. ఈ దారి ఉన్నమాట నిజమే, కాని గమ్యం చేరేవారు బహుకొద్ది. గుండె ఉడికే ఎసరుకంటే ఎక్కువగా తిరగబడేది. ముందు చదువుతో మనసును సాపు చేసుకోకుండా కూర్చున్నవాడికి పిచ్చి ఊహలే అనుభవాలుగా తోచి, ఇరవై ఏళ్ళు ఒకే భ్రమలో ఉండిపోవచ్చు. చదువుకుని ఉంటే ఆ చిక్కు అప్పుడే విడిపోయేది. కాబట్టి ముందు పండితులు సంపాదించింది సంపాదించు, ఆ తర్వాత కూర్చో. ఈ అభ్యంతరానికి తిరిగి సమాధానం వ్రాసి కొట్టివేయలేదు. తబీజులు అమ్ముకుంటూ తమకు అన్నీ కశ్ఫ్‌లోనే తెలుస్తాయని చెప్పేవారికి ఈ పేజీలు ఎవరైనా చదివి వినిపిస్తే బాగుండును.

తఫక్కుర్ మీద ఇహ్యాలో ముప్పై తొమ్మిదో భాగం మొత్తం వ్రాశారు. యోచన అంటే ఏమిటో అక్కడ చెప్పిన తీరు మాలాంటి టీచర్లకు పనికివస్తుంది. తెలిసిన రెండు సంగతులను గుండెలో ఒకచోట చేర్చితే మూడోది పుడుతుంది, చెకుముకి రాయిని ఇనుముమీద కొడితే నిప్పు పుట్టినట్టు. ఆ వెలుతురులో గుండె ఇదివరకు చూడనిది చూస్తుంది, చూశాక దాని కోరిక మారుతుంది, కోరిక మారితే చేతులూ కాళ్ళూ చేసే పని మారుతుంది. జిక్ర్‌లో ఉన్నదంతా ఫిక్ర్‌లో ఉంది, ఇంకొంచెం ఎక్కువే ఉందన్నారు. అయితే ఒక గిరి గీశారు. సృష్టిని గురించి ఎంతైనా యోచించు. సృష్టికర్త స్వరూపాన్ని గురించి మాత్రం వద్దు, గబ్బిలం కళ్ళకు పగటి సూర్యుడు ఎట్లాగో మన బుద్ధికి అది అట్లాగ.

ఏళ్ళు గడిచినవి. పిల్లల పిలుపులు ఆయన్ని ఇంటికి లాగాయి. ఏకాంతం అనుకున్నట్టు దొరకలేదని, సంసారపు అవసరాలు అడ్డువచ్చేవని, అయినా ఆశ వదలలేదని ఆయనే ఒప్పుకున్నారు. ఈ మాట మాకు మిగతా గొప్ప మాటలన్నింటికంటే ధైర్యం ఇచ్చింది. తూస్‌లో ఉండగా పర్షియన్‌లో కీమియా-ఎ-సాదత్ వ్రాశారు, అరబ్బీ రాని మామూలు మనుషుల కోసం.

1106లో నిజాముల్ ముల్క్ కొడుకు ఫఖ్రుల్ ముల్క్ పట్టుపట్టి నీషాపూర్ నిజామియాలో మళ్ళీ పాఠం చెప్పమన్నాడు. పదకొండేళ్ళ తర్వాత ఆయన మళ్ళీ ఆ గద్దెమీద కూర్చున్నారు. ప్రమాణం ఏమయిందని మనకు సందేహం వస్తుంది, ఆనాటివాళ్ళకూ వచ్చింది. ఆయన సమాధానం: పైకి చూస్తే తిరిగి వచ్చినట్టే ఉంది, కాని తిరిగి రాలేదు. అప్పుడు పెద్దరికం సంపాదించే విద్య చెప్పాను, ఇప్పుడు పెద్దరికం వదిలించే విద్య చెబుతున్నాను అన్న అర్థంలో వ్రాశారు. ఈ మాటను మనం నమ్మాలా? నీషాపూర్‌లోనే అబ్దుల్ గాఫిర్ ఫారిసీ అనే పండితుడు ఉండేవాడు. గజాలీ వారి పాత గర్వం, ఎదుటివారిని చులకనగా చూడడం ఆయనకు బాగా గుర్తు. ఈ వినయమంతా వేషమని అనుకుని, పలుమార్లు వెళ్ళి కూర్చుని పరీక్షించాడు. చివరకు తన అనుమానమే తప్పని, మనిషి నిజంగా మారాడని వ్రాసిపెట్టాడు. శిష్యుడి పొగడ్త అయితే మేము ఇక్కడ వ్రాసేవాళ్ళం కాదు. అనుమానించి వెళ్ళినవాడి సాక్ష్యం గనుక వ్రాశాము.

అందరూ మెచ్చలేదు. 1109లో అందులూస్‌లోని ఖుర్తుబాలో పాలకుల ఆజ్ఞతో ఇహ్యా ప్రతులను తగలబెట్టారు. అప్పటికి గ్రంథకర్త బ్రతికే ఉన్నారు. తగలబడిన గ్రంథాన్ని ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత మన హైదరాబాదులో కూర్చుని చదివినవారిలో అల్లామా షిబ్లీ నూమానీ ఒకరు. నిజాం ప్రభుత్వంలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లోనే ఆయన ఉర్దూలో అల్-గజాలీ అనే జీవితచరిత్ర వ్రాశారు, 1902లో అచ్చయింది. మాకు మొదట ఇమామ్ సాహెబ్ పరిచయమైంది ఆ పుస్తకంలోనే, అట్ట పోయిన ప్రతిలో.

కొంతకాలానికి నీషాపూర్ కూడా వదిలి తూస్ చేరుకున్నారు. ఇంటి పక్కనే విద్యార్థులకు ఒక మద్రసా, సూఫీలకు ఒక ఖాన్‌ఖా పెట్టుకున్నారు. ఖుర్‌ఆన్ పారాయణం, పాఠం, హదీసుల చదువు. మూడు వందల మంది లేరు, ఖలీఫా కబుర్లు లేవు.

హిజ్రీ 505 జమాదివుస్సానీ 14, సోమవారం, అంటే 1111 డిసెంబరు 18. తమ్ముడు అహ్మద్ చెప్పిన ప్రకారం, ఆ తెల్లవారుజామున అన్నగారు లేచి వజూ చేసి నమాజు చేశారు. తన కఫన్ తెమ్మన్నారు. దాన్ని ముద్దుపెట్టుకుని కళ్ళకు అద్దుకున్నారు. రాజు పిలిస్తే వెళ్ళేవాడిలా ఒప్పుకోలు మాట ఒకటి పలికి, ఖిబ్లా వైపు కాళ్ళు చాపి పడుకున్నారు. బాగా తెల్లవారేసరికి ఆయన లేరు. యాభై మూడేళ్ళు. కూతుళ్ళు మిగిలారు. తూస్‌లోనే, తాబరాన్ పేటలో, ఖననం చేశారు.